చప్పుడెక్కడిదో నేనే పట్టుకున్నాను

నేను సైకిలు నేర్చుకున్నది ముప్ఫై ఎనిమిదో ఏట. తాండూరులో మా ఇంటి వెనక నాపరాళ్లు పేర్చే ఖాళీ జాగా ఒకటుంది. ఆదివారం అక్కడ పని ఉండదు. ఒక పక్కన బండలు నిలబెట్టి ఉంటాయి, మిగతా జాగా అంతా తెల్లటి రాతిపొడి. పడితే మోకాలు తెల్లగా అయ్యేది, దులుపుకుంటే ఎర్రగా కనబడేది. నాలుగు ఆదివారాలు పడ్డాను. ఐదో ఆదివారం పడలేదు.

నేను అంగన్‌వాడీ టీచర్ని. మా కేంద్రం తాండూరుకు ఐదు కిలోమీటర్ల దూరంలోని పల్లెలో ఉంది. సైకిలు రాకముందు షేర్ ఆటోలో పోయేదాన్ని. ఆటో నిండితేనే కదిలేది. ఒళ్లో రిజిస్టర్లు, రిజిస్టర్ల మీద ఎవరిదో సంచి, ఆ సంచి మీద ఎవరి చెయ్యో. ఆలస్యమైతే పిల్లలు తాళం వేసిన తలుపు ముందు కూర్చునేవాళ్లు. సైకిలు నేర్చుకున్నాక నేను ఎప్పుడు బయల్దేరాలో నేనే అనుకున్నాను. చిన్న విషయంలాగే ఉంటుంది గాని, పెళ్లయిన ఇరవై ఏళ్లలో నేను అనుకున్న వేళకు నేను గడప దాటడం అదే మొదలు.

నాలుగేళ్లు సైకిలు బాగానే నడిచింది. ఐదో ఏడు వానలు వెనకబట్టాక చప్పుడు మొదలైంది. మొదట తొక్కేటప్పుడు కిర్రుమనేది. పదిహేను రోజులకు ఆ కిర్రు మధ్యలో టక్కుమని ఇంకో చప్పుడు కలిసింది. చదును రోడ్డు మీద తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ. పొలాల్లో కంది చేను కాడ పనిచేసే ఆడవాళ్లు తల ఎత్తకుండానే "టీచరమ్మ పోతున్నది" అనుకునేవాళ్లు. నాకు సిగ్గనిపించలేదు గాని చిరాకనిపించింది. పంటిలో ఇరుక్కున్న నారలాగా ఐదు కిలోమీటర్లూ అదే మనసులో.

మా ఆయన నాపరాళ్ల లారీ నడుపుతాడు. ఆయనకు చెప్పాను.

"అమ్మెయ్" అన్నాడు అన్నం కలుపుకుంటూ. "నాలుగేండ్లు తొక్కినవ్. ఇంకేం కావాలె?"

"ఏమైందో తెలువకుండ ఎందుకమ్ముత?"

"సైకిల్ల తెలుసుకునేటందుకు ఏముంటది? రెండు చక్రాలు, ఒక చైను."

ఈ మాటన్నది ఎవరు? లారీ కింద ఎక్కడో సన్నగా గీరుకున్న చప్పుడొస్తే, గోనెసంచి పరుచుకుని పొద్దంతా దాని కింద పడుకునే మనిషి. ఆ చప్పుడు దొరికిన రోజు వచ్చి ఇంటిల్లిపాదికీ చెప్పేవాడు. సైకిలు తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోయాను.

ఆ మెకానిక్ పాతవాడే. రెండేళ్ల కిందట పెడల్ ఊగుతున్నదంటే బిగించి ఇచ్చింది కూడా అతనే. ఈసారి చైనుకు నూనె పోశాడు. చప్పుడు పోలేదు. వారం తర్వాత పోతే చైను మార్చాడు. పోలేదు. ఆ తర్వాత రెండు పెడళ్లూ మార్చాడు. రెండు రోజులు పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది. మూడుసార్లలో ఒక్కసారి కూడా అతను సైకిలెక్కి తొక్కి చూడలేదు. నాలుగోసారి పోయేసరికి దుకాణం ముందు ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు.

"బండిల ఏం లేదు టీచరమ్మా" అన్నాడు మెకానిక్, వాళ్లకు కూడా వినబడేటట్టు. "బరువు ఎక్కితె ఏ బండైనా మొత్తుకుంటది."

వాళ్లు నవ్వారు. ఒకతను నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకున్నాడు, అది ఇంకా అన్యాయం. నా చెవులు వేడెక్కాయి. సైకిలు స్టాండు తీసి రోడ్డు మీదికి తెచ్చి, వాళ్లు చూస్తుండగానే ఎక్కి తొక్కాను. కిర్రు, టక్కు. కిర్రు, టక్కు. సందు మలుపు తిరిగేదాకా నవ్వు వినబడింది.

ఆ మలుపు దగ్గరే నిశ్చయించుకున్నాను. ఈ సైకిలును ఇంకొకరి చేతికి ఇవ్వను, అమ్మను. చప్పుడెక్కడిదో నేనే పట్టుకుంటాను.

పట్టుకోవడం ఎట్లాగో తెలియదు. తొక్కేటప్పుడు చప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది. వంగి వింటే హ్యాండిల్ అదుపు తప్పుతుంది. దిగి చూస్తే చప్పుడే ఉండదు. రెండు సాయంత్రాలు రాతిపొడి జాగాలో గుండ్రంగా తిరిగాను. మూడో సాయంత్రం మా అత్త గోడ పక్కన వచ్చి కూర్చుంది.

మా అత్త గొర్రెలు కాసిన మనిషి. పుట్టిల్లు కర్ణాటక వైపు, ఇక్కడికి కోడలిగా వచ్చి యాభై ఏళ్లయినా మాటలో కన్నడం పోలేదు. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె "తడి, తడి" అంటే ఎక్కడ తడిసిందా అని నేల చూసేదాన్ని. ఆగు అనడం అది. ఇప్పుడు ఒక కంటికి ఆపరేషనైంది, రెండో కంటికి పొర ఉంది. చూపు అంతంతమాత్రం. చెవులు మాత్రం ఎట్లాంటివంటే, మంద ఇంటికి వచ్చే వేళ దుమ్ములో ఏ గొర్రె దగ్గిందో కూర్చున్న చోటి నుంచే చెప్పేదట.

"తడి" అంది ఆ సాయంత్రం. "గవి రెండు గొంతులు బిడ్డా. నువ్వు ఒక్కటే అనుకుంటున్నవ్."

"రెండు చప్పుళ్లా అత్తా?"

"ఒకటి తోలు ఒరుసుకున్నట్టుంది. ఇంకోటి కట్టె మీద కట్టె తగిలినట్టుంది. దూరంకెల్లి తెలుస్తలేదు, దగ్గరికి రావాలె." ఆమె లేచి, చీర కుచ్చెళ్లు దోపుకుని, సైకిలు వెనక క్యారియర్ మీద చెయ్యి వేసింది. "నన్ను కూసోపెట్టుకో."

నేను వద్దన్నాను. ఆమె అప్పటికే ఎక్కి కూర్చుంది. ఒక చెయ్యి నా నడుం చుట్టూ వేసి, రెండోది సీటు కింద పెట్టింది. మనిషి మేకపిల్లంత బరువు లేదు. నేను తొక్కడం మొదలుపెట్టాను. మొదటి చుట్టు భయంతో, రెండో చుట్టు కొంచెం ధైర్యంతో. మూడో చుట్టుకు పక్కింటావిడ గోడ మీదుగా చూసి అడిగింది:

"ఏందే, అత్తను ఊరేగిస్తున్నవా?"

మా అత్తే జవాబు చెప్పింది. "మీ అత్తను గూడ ఎక్కించు. పాపం, ఆమె గూడ జర లోకం చూస్తది."

అప్పుడే మా ఆయన లారీ దిగి వచ్చాడు. తల్లిని సైకిలు మీద చూసి జాగాలోకి ఉరికినంత పని చేశాడు.

"మతి ఉన్నదా నీకు? మా అమ్మ పడితె ఎవరు జవాబు?"

"నాకేమైతదిరా" అంది మా అత్త, దిగకుండానే. "ఒక పిల్లను సంకనేసుకొని, ఇంకో పిల్లను బుజం మీదేసుకొని కాగ్నా ఏరు దాటిన. నువ్వు పక్కకు జరుగు. నీ మాటలల్ల చప్పుడు వినొస్తలేదు."

ఆయన పక్కకు జరిగాడు. జరిగి, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఆ వారమంతా సాయంత్రాలు మాకు అదే పని. తొక్కకుండా ఊరికే పోనిస్తే చప్పుడు లేదు, అంటే చక్రాలలో కాదు. సీటు మీద నుంచి లేచి, పెడళ్ల మీద నిలబడి తొక్కాను. కిర్రు ఆగిపోయింది, టక్కు మిగిలింది. అప్పుడు మా అత్త చెప్పిన రెండు గొంతులు నాకూ విడివిడిగా వినబడ్డాయి. కిర్రు సీటుది. టక్కు కాళ్ల దగ్గరిది.

సీటు విప్పాను. సీటు కింది కడ్డీని ఫ్రేములోంచి మెలిపెట్టి లాగితే తుప్పు, దానిమీద సున్నంలా పేరుకున్న రాతిపొడి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, మా ఆయన లారీ గ్రీసు డబ్బాలోంచి వేలెడు తీసి రాసి, స్ప్రింగుల బోల్టులు బిగించాను. డబ్బా మూత తీసి ఉండడం ఆయన చూశాడు. తనే మూత పెట్టాడు. మర్నాడు కిర్రు లేదు. సగం గెలిచినట్టే, కాని ఇప్పుడు టక్కు ఒక్కటే మిగిలి, మరీ గట్టిగా వినబడసాగింది.

ఒంటికాలితో తొక్కాను. కుడికాలు ఒక్కదానితో తొక్కితే ఏమీ లేదు. ఎడమకాలు కిందికి నొక్కినప్పుడల్లా టక్కు. కొత్త పెడల్ తప్పేమోనని, పెడల్‌ను ముట్టుకోకుండా దాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీని నేరుగా అరచేత్తో నొక్కాను. అప్పుడు కూడా టక్కుమంది. మా అత్తను కుడివైపు కడ్డీ కదలకుండా పట్టుకోమని, నేను ఎడమది నొక్కాను. వెంట్రుకవాసి కదిలింది. కంటికి సరిగా ఆనదు. వేలు పెడితే తెలుస్తుంది.

"దొరికింది అత్తా" అన్నాను.

"నాకు నిన్ననే దొరికింది" అంది ఆమె. "నీ చేతికి దొరకాలని సూస్తున్న."

పెడల్ కడ్డీని మధ్య ఇరుసుకు బిగించి ఉంచేది వేలంత పొడుగున్న పిన్ను ఒకటి. కాటర్ పిన్ను అంటారు. అది వదులైంది. దాన్ని తీయడం ఎట్లాగో ఫోన్లో వెతికితే హిందీ వీడియోలో ఒకాయన చెప్పాడు. మూడు రోజులు కిరోసిన్ పోసి నానబెట్టాను. కడ్డీ కింద కట్టెముక్క ఆనించి, నట్టును పూర్తిగా తీయకుండా పిన్ను కొసతో సమానంగా ఉంచి, సుత్తితో కొట్టాను. మొదటి దెబ్బ జారి నా బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడింది. రెండో రోజు కొడితే కదలలేదు. మూడో రోజు ఎనిమిదో దెబ్బకు ఊడి వచ్చింది.

పిన్నుతో పాటు ఇంకొకటి కూడా రాలింది. గోరంత రేకుముక్క, మడతపెట్టి ఉంది. ఒకవైపు పసుపుపచ్చ రంగు, సగం విరిగిన అక్షరం. ఏదో డబ్బా కత్తిరించిన రేకు. అది అక్కడ ఎందుకుందో నాకు అర్థం కాలేదు. పిన్నూ, రేకూ రెండూ రుమాలులో మూట కట్టాను.

తాండూరులో మూడు దుకాణాలు తిరిగాను. ఒకచోట పిన్ను సన్నది, ఒకచోట లావుది. ఇంకొకచోట నా చేతిలోది చూడకుండానే "గిప్పుడు గిసొంటియి వస్తలెవ్వు" అన్నారు. ఆదివారం రైలెక్కి వికారాబాద్ పోయాను. ధారూర్‌లో ఎక్కిన ఒకామె ఎక్కడికని అడిగింది. సైకిలు పిన్ను కోసమంటే, ఇంట్లో మగవాళ్లు లేరా అంది. ఉన్నారన్నాను.

వికారాబాద్ బజారులో పాత సైకిలు సామాన్ల దుకాణం ఒకటి ఉంది. గల్లా దగ్గర తెల్లగడ్డం పెద్దాయన. రుమాలు విప్పి ముందు పెట్టాను. ఆయన పిన్ను తీసుకుని, రంధ్రాలున్న ఇనుపపట్టీలో ఒక్కొక్క రంధ్రంలో పెట్టి చూశాడు. తర్వాత రేకుముక్కను వెలుతురుకు పట్టి చూశాడు.

"గిది దీని పక్కన ఉండెనా?"

"ఉండె చాచా. ఎందుకో తెలువలే."

"ఎవరో సన్న పిన్ను ఏసిండు. వదులైతదని రేకు చుట్టిండు. కొన్నొద్దులు ఆగింది, రేకు అరిగింది, చప్పుడు మొదలైంది. సైకిల్‌ది తప్పు కాదు." పిన్ను పక్కన పెట్టాడు. "మెకానిక్‌ను తోల్కరా. ఎట్ల పెట్టాలెనో చెప్త."

"మెకానిక్‌ను నేనే చాచా."

ఆయన నా మొహం చూశాడు, తర్వాత నల్లబడిన గోరు చూశాడు. నవ్వలేదు. కాలితో స్టూలు ముందుకు నెట్టి "కూసో బేటీ" అన్నాడు. సరైన కొలత పిన్ను వెతికి తీసి, దానికున్న చదును వైపు చూపించాడు. ఆకురాయితో దాన్ని ఎట్లా రుద్దాలో తన దగ్గరున్న ఇంకో పాత పిన్ను మీద రుద్ది చూపించాడు. "నాలుగు సార్లు రుద్దు, పెట్టి సూడు. మల్ల నాలుగు సార్లు. తొందరపడితె పాడైతది. బిగించినంక రెండు దినాలు తొక్కి మల్ల బిగియ్." నా చేతికి ఆకురాయి ఇచ్చి ఆయన ముందే రుద్దించాడు. దుకాణానికి ఇద్దరు ముగ్గురు వచ్చినా, వాళ్లను ఆగమని సైగ చేశాడు.

రైలు తప్పిపోయి బస్సెక్కాను. అనంతగిరి ఎత్తు మీద బస్సు నెమ్మదించింది. ముందు ఒకామె గేర్ల సైకిలు మీద ఎక్కుతోంది, తలకు హెల్మెట్, నగరం నుంచి వచ్చినట్టుంది. చెమటతో వీపంతా తడిసిపోయింది. బస్సులో మగవాళ్లు కిటికీల్లోంచి తొంగిచూశారు. "శబాష్, ఏం తొక్కుతున్నది" అన్నాడు నా ముందు సీటులో ఒకతను. నాకు ఆమె మీద ఏ కోపమూ లేదు. ఆ ఎత్తు నేనైతే ఎక్కలేనేమో. కాని రోజూ పది కిలోమీటర్లు పనికి పోయి వచ్చే నాలాంటిదాన్ని చూసి ఒక్కరన్నా ఆ మాట అన్నారా? మాకు చెప్పేది ఒకటే, అమ్మెయ్యమని. నేను అమ్మను అని ఆ ముందు సీటు వీపు వైపు చూస్తూ మనసులో అనుకున్నాను.

ఇంటికొచ్చి పిన్ను రుద్దాను. పెట్టి చూశాను, మళ్లీ రుద్దాను. దిగింది. సుత్తితో కొట్టి నట్టు బిగించి లేచి చూస్తే, రెండు పెడల్ కడ్డీలు ఒక వరుసలో లేవు. ఒకటి నిట్టనిలువుగా ఉంటే రెండోది పక్కకు వంగినట్టుంది. ఏడుపొచ్చినంత పనైంది. మా ఆయన గడపలో నిలబడి చూశాడు. ఆయనకు కారణం తెలుసని మొహం చూస్తేనే తెలిసింది. నేను అడుగుతానేమోనని ఆగాడు. నేను అడగలేదు. కుడివైపు పిన్ను ఎట్లా పెట్టి ఉందో వంగి చూశాను. ఎడమది నేను తిరగేసి పెట్టాను. మళ్లీ కొట్టి తీసి, ఎదురు దిక్కు నుంచి పెట్టాను. కడ్డీలు రెండూ ఒక గీత మీదికొచ్చాయి.

"అబ్బ" అన్నాడు ఆయన, నెమ్మదిగా. అంతే, లోపలికి పోయాడు. ఆ ఒక్క మాట చాలు నాకు.

మా అత్తను వెనక కూర్చోబెట్టుకుని జాగాలో నాలుగు చుట్లు తిరిగాను. సీటు మీద కూర్చుని తొక్కాను, లేచి తొక్కాను, ఆయాసం వచ్చేదాకా ఎడమకాలితో గట్టిగా నొక్కాను.

"ఏమన్న వినొస్తున్నదా?"

"నువ్వు ఎగపోసుడు వినొస్తున్నది" అంది. "జర మెల్లగ తొక్కు."

రెండు రోజులు తొక్కి, పెద్దాయన చెప్పినట్టు మళ్లీ బిగించి, మూడో రోజు మెకానిక్ దుకాణం ముందు ఆపాను. ఆరోజూ ఇద్దరు ముగ్గురున్నారు. నేను దిగకుండా, ఒక కాలు నేల మీద పెట్టి, రుమాలులోంచి రేకుముక్క తీసి అతని పనిముట్ల డబ్బా మీద పెట్టాను.

"గిది నీదేనా అన్నా?"

అతను చూశాడు. పోల్చుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ చూశారు.

"రెండేండ్ల కింద సైజు దొరకలే టీచరమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి.

"దొరకలేదని చెప్తే అయిపోతుండె. చైను మార్చినవ్, పెడళ్లు మార్చినవ్. ఆఖరికి నా బరువన్నవ్. అప్పుడు గట్టిగనే అన్నవ్ గద, గిప్పుడెందుకు మెల్లగ మాట్లాడుతున్నవ్?"

కూర్చున్నవాళ్లలో ఎవరూ నవ్వలేదు. మెకానిక్ రేకును వేలితో అటూ ఇటూ తిప్పాడు. తలెత్తి, ఇంకో గొంతుతో అడిగాడు: "ఎవరు తీసిండ్రు? గది మస్తు బిగుసుకొని ఉండాలె గద."

"నేనే తీసిన. మూడు దినాలు కిరోసిన్ల నానబెట్టి, నట్టు అట్లనే ఉంచి కొట్టిన."

"నట్టు ఉంచి కొట్టినవా" అన్నాడు. తల ఊపాడు. అది మర్యాదో ఒప్పుకోలో నాకు తెలియదు. "ఇంకోసారి ఏమన్న అయితే తీస్కరా, మంచిగ చేస్త."

"తేను" అని చెప్పి తొక్కుకుంటూ వచ్చేశాను.

అది జరిగి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో వెనక చక్రం విప్పి బేరింగు గోళీలు మార్చాను. బ్రేకులు నేనే వేసుకుంటాను. అన్నీ మొదటిసారే కుదరలేదు. ఒకసారి గోళీ ఒకటి రాతిపొడిలో పడిపోతే నేనూ మా అత్తా చేతులతో తడుముతూ గంటసేపు వెతికాం. గోళ్ల సందుల్లో నలుపు మాత్రం ఇప్పుడు సబ్బుకు పోదు.

మొన్న టీచర్లందరికీ మీటింగ్ పెట్టారు. హాజరు రిజిస్టరు నా దగ్గరికి వచ్చినప్పుడు ఎదుట కూర్చున్న సూపర్‌వైజర్ మేడం నా చేతులు చూసింది.

"ఏంటమ్మా ఇది, చేతులు కడుక్కొని సంతకం పెట్టలేవా?"

"కడిగినవే మేడం" అన్నాను. "సైకిల్ బాగుచేస్కున్న. ఇవి గిట్లనే ఉంటయి."

పెన్ను తీసుకుని సంతకం పెట్టాను. కాగితం అంచున బొటనవేలి మరక ఒకటి సన్నగా పడింది. మేడం దాని వంక చూసింది, నేనూ చూశాను. తుడవలేదు. రిజిస్టరు పక్కావిడ ముందుకు జరిపాను.